చిప్స్ ప్యాకెట్ కార్డుల్లో సగం డబుల్సే అయితే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: ఒసాకాకి ఉద్యోగం మీద వచ్చి ఏడాది అయింది, మూడో తరగతి చదివే మీ అబ్బాయికి చిప్స్ ప్యాకెట్ల వెనక అంటించి ఉండే బేస్‌బాల్ కార్డుల పిచ్చి పట్టుకుంది, ఇప్పటికి నూటయాభై దాకా పోగయ్యాయి, అందులో సగం వచ్చినవే మళ్లీ వచ్చాయి. వీటికి విలువ ఉంటుందా, మిగిలినవి ఎవరితో మార్చుకోవాలి, జపనీస్ చదవడం రాకుండా పాత కార్డుల జోలికి వెళ్లొచ్చా అని. నేను టోక్యోలో నిషికసాయ్‌లో ఉంటాను, ఈ కార్డులు పోగుచేయడం మొదలుపెట్టి పదహారేళ్లయింది. తెలిసినంత చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

విలువ సంగతి ముందు తేల్చేద్దాం. చిప్స్‌తో వచ్చే మామూలు కార్డు అమ్మితే ఆ చిప్స్ ఖరీదు కూడా రాదు. బంగారు రంగు రేకుతో సంతకం అచ్చువేసిన స్టార్ కార్డయితే కాస్త పలుకుతుంది, అది కూడా ఆటగాణ్ని బట్టి. కాబట్టి "ఇది ఎంత చేస్తుంది" అనే లెక్కతో మొదలుపెడితే నెల తిరక్కుండా మీకూ వాడికీ విసుగొచ్చేస్తుంది. నేను చూసే లెక్క వేరండీ. ఒక కార్డు నా డబ్బాలో నాలుగోసారి వచ్చిందంటే నాకు దాని విలువ సున్నా, అదే కార్డు ఎక్కడో ఒకరి లిస్టులో ఆఖరి ఖాళీ అయితే వాళ్ల కంటికి దాని ముందు ఇంకేదీ ఆనదు.

ఈ డబుల్స్ ఎందుకు ఇంతలా పేరుకుంటాయో కూడా తెలుసుకోండి, లేకపోతే జేబుకి చిల్లు పడుతుంది. ఈ చిప్స్ తయారుచేసే కాల్బీ కంపెనీ వాళ్ల ప్యాకెట్‌లో 22 గ్రాముల చిప్స్, వెనక చిన్న రేకు కవర్లో రెండు కార్డులు ఉంటాయి. సాధారణంగా సీజన్‌కి మూడు సిరీస్‌లు, వసంతంలో ఒకటి, వేసవిలో ఒకటి, సెప్టెంబర్ ప్రాంతంలో ఒకటి. ఇటీవలి ఏళ్లలో చాలా సిరీస్‌లలో మామూలు కార్డులు 72 ఉంటున్నాయి, 12 జట్లు, జట్టుకి ఆరుగురు. స్టార్ కార్డులు పక్కన పెట్టి, ఈ 72 కార్డులూ సమానంగా వస్తాయనుకుని లెక్కేస్తే, మొదటి 36 రకాలు సగటున ఓ పాతిక ప్యాకెట్లలో దొరికేస్తాయి. పిల్లవాడు గాల్లో తేలుతుంటాడు. మిగతా 36 రకాలకి ఇంకో 150 ప్యాకెట్లు పడతాయి. అందులో ఆఖరి ఒక్క కార్డుకే సగటున 36 ప్యాకెట్లు! మొదట్లో నేను ఈ లెక్క తెలియక ఆఫీసులో అందరికీ చిప్స్ పంచిపెట్టాను, మా ఆవిడ ఇంట్లో ఉప్మాలోకి నంజుకోవడానికి కూడా అవే పెట్టింది. అందుకే సెట్‌లో సగం పూర్తయిందంటే కొనడం ఆపేయాలి, మార్పిడి మొదలుపెట్టాలి. ఇది నేను ఖచ్చితంగా చెప్పే మాట. ఇద్దరు ముగ్గురు కలిసి డబుల్స్ మార్చుకుంటే, ఎవరికి వారు కొనుక్కునే ఖర్చు కన్నా చాలా తక్కువలో అందరి సెట్లూ నిండుతాయి.

మీరు ఒసాకాలో ఉండటం కూడా కలిసొచ్చే విషయమే. అక్కడ మీ అబ్బాయి క్లాసులో ఏ పిల్లాణ్ని అడిగినా హాన్షిన్ టైగర్సే కావాలంటాడు, టైగర్స్ కార్డు డబుల్ అయినా చేతి నుంచి జారనివ్వరు. ఇక్కడ మా వైపు యొమియురి జెయింట్స్‌కి, యాకుల్ట్ స్వాలోస్‌కి గిరాకీ. ఒసాకాలో ఎవరికీ పట్టని జెయింట్స్ డబుల్స్ టోక్యో పిల్లలకి కావాలి, ఇక్కడ మూలపడి ఉన్న టైగర్స్ డబుల్స్ మీవాడికి కావాలి. ఊళ్లోనే మార్చుకోవాలని చూస్తే అందరి దగ్గరా ఒకటే మిగులు, ఒకటే కొరత. దూరం పెరిగేకొద్దీ మార్పిడి తేలికవుతుంది. హిరోషిమాలో కార్ప్ కార్డులు ఎవరూ వదలరు, కాబట్టి కార్ప్ డబుల్స్ ఉంటే హిరోషిమా వాళ్లకోసం విడిగా దాచండి, వాళ్లు ఒకదానికి రెండు ఇస్తామన్నా ఆశ్చర్యపోకండి.

ఈ కార్డుల పుట్టుక గురించి ఒక్క మాట, మీవాడికి చెప్పండి, ఇష్టపడతాడు. సరుకుతోపాటు ఊరికే ఇచ్చే వస్తువుని జపాన్‌లో ఒమాకె అంటారు, అంటే మన కొసరు. 1971లో కాల్బీ కామెన్ రైడర్ అనే టీవీ హీరో బొమ్మ కార్డులు స్నాక్‌తో ఇస్తే పిల్లలు కార్డు తీసుకుని స్నాక్ పారేయడం మొదలుపెట్టారు, అది దేశమంతా మాట్లాడుకునే గొడవైంది. అసలు కంటే కొసరు ముద్దు అన్న మాట అక్కడ అక్షరాలా జరిగింది. ఆ తర్వాత 1973లో బేస్‌బాల్ కార్డులు వచ్చాయి. ఒకటో నంబరు కార్డు జెయింట్స్ ఆటగాడు షిగెయో నగాషిమాది. ఆ వరస ఇప్పటికీ నడుస్తోంది, మీవాడి చేతిలో ఉన్నది అదే గొలుసులో కొత్త కొస.

ఇక పని. ముందు కార్డు వెనక నంబరు చూడండి. ఒకే ఏడాదిలో నంబర్లు వరసగా సాగుతాయి, రెండో సిరీస్ మళ్లీ ఒకటితో మొదలవదు. ఒక గళ్ల నోట్‌బుక్‌లో ఆ ఏడాది నంబర్లన్నీ రాసి, ఉన్నవాటికి టిక్కు, డబుల్స్‌కి పక్కన ఎన్ని ఉన్నాయో అంకె వేయించండి, ఈ పని పిల్లాడితోనే చేయించండి. డబుల్స్‌ని రబ్బరు బ్యాండు వేసి మాత్రం ఉంచకండి, రెండు నెలల్లో అంచు మీద నొక్కు పడిపోతుంది, ఆ నొక్కు మళ్లీ పోదు. 100 యెన్ల షాపుల్లో పలచటి స్లీవ్‌లు దొరుకుతాయి. కాల్బీ కార్డు, బీబీఎం అనే ఇంకో కంపెనీ కార్డు కన్నా ఒక పిసరు చిన్నది కాబట్టి ఏ స్లీవ్ దేనికి సరిపోతుందో చూసి కొనండి. ఒసాకా జూన్ చెమ్మ మీకు తెలిసిందే, డబ్బాలో సిలికా జెల్ పొట్లం ఒకటి పడేయండి. ప్యాకెట్‌లో ఎప్పుడైనా "లక్కీ కార్డ్" వస్తే అది ఆటగాడి కార్డు కాదని పక్కన పడేయకండి, దాన్ని పోస్టులో కంపెనీకి పంపిస్తే కార్డులు పెట్టుకునే ఆల్బమ్ పంపిస్తారు. గడువు దాని మీదే ఉంటుంది.

మనుషుల్ని వెతకడం గురించి. జపనీస్‌లో డబుల్స్‌ని దబురి అంటారు, మార్పిడిని కోకాన్ అంటారు, సెట్ పూర్తవడాన్ని కొంపు అంటారు. ఈ మూడు మాటలతో ఎక్స్‌లో వెతికితే సిరీస్ విడుదలైన వారంలోనే వందల పోస్టులు కనిపిస్తాయి. ప్రతి పోస్టులో రెండు కంజీ అక్షరాలు ఉంటాయి, ఒకదాని అర్థం "ఇస్తాను", ఇంకోదాని అర్థం "కావాలి". ఫోన్‌లో కెమెరా అనువాదం పెట్టి ఈ రెండూ గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు, మిగతావి నంబర్లే, నంబర్లు ఏ భాషలోనైనా నంబర్లే. మెసేజ్ మీరే పెట్టండి, పిల్లాడి పేరు, బడి పేరు ఎక్కడా రాయకండి. మొదటిసారి మార్పిడి ఐదారు కార్డులు దాటనివ్వకండి. కార్డు ముందూ వెనకా ఫోటో తీసి పంపండి, మూల మడతపడి ఉంటే ఆ మూలనే దగ్గరగా తీసి పంపండి. ఇక్కడివాళ్లు దీన్ని చాలా పట్టించుకుంటారు, మనం ముందే చెప్పిన లోపాన్ని ఎవరూ తప్పుపట్టరు, చెప్పకుండా దాచింది చిన్నదైనా మళ్లీ మనతో మార్చుకోరు.

ప్యాకింగ్ గురించి నేను కాస్త ఎక్కువే చెబుతాను, చాలా మార్పిడులు ఇక్కడే చెడతాయి. కార్డుని స్లీవ్‌లో పెట్టండి. స్లీవ్ నోరు పైకి ఉండేలా, కార్డుకంటే కాస్త పెద్దగా కత్తిరించిన రెండు అట్టముక్కల మధ్య పెట్టండి, చిప్స్ కార్టన్ అట్ట అయితే చక్కగా సరిపోతుంది. అట్టల్ని గోడలకి రంగు వేసేటప్పుడు వాడే తేలికపాటి టేపుతో అంటించండి, మామూలు సెల్లో టేపు వద్దు. టేపు చివర ఒక పావు అంగుళం లోపలికి మడిచి అంటుకోకుండా వదిలేయండి, అవతలివాళ్లు గోటితో పట్టుకుని లాగేలా. ఆ మొత్తాన్ని పారదర్శకపు ప్లాస్టిక్ కవర్లో పెట్టాకే ఎన్వలప్‌లో పెట్టాలి. జపాన్ లోపల అయితే మామూలు ఎన్వలప్‌లో 50 గ్రాముల దాకా 110 యెన్లు, మందం సెంటీమీటరు దాటకూడదు. పది కార్డులు, అట్టలు కలిపి ఆ బరువులో హాయిగా పట్టేస్తాయి. ఎన్వలప్ మీద "మడవొద్దు" అని జపనీస్‌లో రాయండి, "ఒరిమగె గెన్కిన్" అని అడిగితే ఎవరైనా రాసిపెడతారు.

ఈ ప్లాస్టిక్ కవర్ గొడవ ఎందుకంటే, ఒక జూన్‌లో నాకు ఒకాయన పంపిన ఎన్వలప్ వానలో తడిసి వచ్చింది. స్లీవ్ ఉంది, అట్ట ఉంది, కవర్ మాత్రం లేదు. అట్ట నీళ్లు పీల్చుకుని ఉబ్బి, స్లీవ్ నోట్లోంచి తడి లోపలికి దిగి రెండు కార్డులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీస్తే ఒకదాని మొహం రెండోదాని వీపు మీదికి వచ్చేసింది. ఆయన తప్పు ఏమీ లేదు, మంచి మనసుతో పంపాడు, కానీ ఆ రెంటిలో ఒకటి నేను మూడేళ్లు వెతికిన కార్డు. తర్వాత ఇంకో రెండేళ్లు పట్టింది అది దొరకడానికి.

ఇంకో అలవాటు చెప్పాలి. ఒప్పుకున్న కార్డులతో పాటు ఇక్కడివాళ్లు ఒక చిన్న కొసరు పెడతారు, అడగని కార్డు ఒకటో, చాక్లెట్ ఒకటో, నాలుగు మాటల చీటీనో. మీరూ పెట్టండి. వాళ్ల జట్టు ఏదో గుర్తుపెట్టుకుని ఆ జట్టు కార్డు ఒకటి కొసరుగా వేస్తే, వచ్చే సిరీస్‌కి వాళ్లే ముందు మీకు మెసేజ్ పెడతారు. నాకున్న పాత మిత్రుల్లో సగం మంది అలా దొరికినవాళ్లే.

పాత కార్డుల జోలికి వెళ్లొచ్చా అన్నారు కదా, నిక్షేపంగా వెళ్లండి, చదవడం రాకపోయినా పర్లేదు. నేను మొదలుపెట్టినప్పుడు నాకూ హిరాగానా అనే తేలికపాటి జపనీస్ అక్షరాలు తప్ప ఏమీ రాదు. మూడు ఆధారాలు పట్టుకుంటే చాలు. ఒకటి, చొక్కా మీద జట్టు పేరు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంటుంది. రెండు, వీపు నంబరు: జెయింట్స్ ఒకటి అంటే సదహారు ఓ, మూడు అంటే నగాషిమా, ఒరిక్స్ 51 అంటే ఇచిరో. మూడు, సంవత్సరం. పాత కార్డుల మీద, అమ్మకానికి పెట్టిన చీటీల మీద చక్రవర్తి కాలం లెక్క ఉంటుంది. షోవా ఏడాదికి 1925 కలపండి, షోవా 48 అంటే 1973. హేసేయ్‌కి 1988 కలపండి, రేవాకి 2018. ఇది నోటికి వచ్చేస్తే షాపులో మీరు తడుముకోరు.

కాల్బీ కన్నా పాతవి కావాలంటే మెంకో చూడండి. దళసరి అట్ట మీద అచ్చేసిన గుండ్రటివో, నిలువుపాటివో. నేలమీద ఉన్న అవతలివాడి మెంకోని మన మెంకోతో బలంగా కొట్టి తిప్పేస్తే అది మనదైపోతుంది. మేం చిన్నప్పుడు అగ్గిపెట్టె అట్టలతో ఇలాంటి ఆటలే ఆడేవాళ్లం కాబట్టి మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడే అది ఏమిటో నాకు అర్థమైపోయింది. యుద్ధం ముగిశాక 1940ల చివరి నుంచి 1960ల నడుమ దాకా బేస్‌బాల్ మెంకోలు విరివిగా వచ్చాయి. వెనక రాయి, కాగితం, కత్తెర గుర్తు, పొడుగాటి అంకె, ఒక్కోసారి ఇంకేవో బొమ్మలు ఉంటాయి. ఏడాది మాత్రం చాలావాటి మీద ఉండదు. జట్టు దుస్తులు, వీపు నంబరు, వెనక గుర్తుల తీరు కలిపి చూసి ఏ ఏడాదిదో పట్టుకోవాలి. అంచులు అరిగి, మూలలు గుండ్రమై ఉంటాయి, అలా ఉండటమే సహజం. పిల్లలు ఆడుకున్న వస్తువు కదా. అరవై ఏళ్ల మెంకో అంచు కొత్త బ్లేడులా ఉంటే నేను రెండోసారి చూస్తాను.

పాతవి కొనేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి: ఫుక్కొకు. అంటే పాతదాన్ని మళ్లీ అచ్చేసింది. కంపెనీలే పాత ప్రసిద్ధ కార్డుల్ని మళ్లీ వేశాయి, అందులో మోసం ఏమీ లేదు, కానీ ఆ మాట చదవకుండా కొంటే 1973 నగాషిమా అనుకుని నిన్నమొన్నటిది ఇంటికి తెచ్చుకుంటారు. ఆన్‌లైన్‌లో అయితే వెనక వైపు ఫోటో లేని పాత కార్డు నేను కొనను. 70ల కార్డుల్ని పిల్లలు పుస్తకాల్లో అంటించేవాళ్లు, వెనక జిగురు మచ్చ ముందు నుంచి కనపడదు. చేత్తో పట్టుకుని చూడాలనుంటే మీకు దగ్గర్లో ఉమెదాలో మందరాకె అనే పాత వస్తువుల షాపు ఉంది. టోక్యో వస్తే నకానో బ్రాడ్‌వే షాపుల సముదాయం, జింబోచో పాత పుస్తకాల వీధి. ఆ ఏళ్ల సెట్ పూర్తి చేయాలని మాత్రం అనుకోవద్దు. 1975లో మొదలైన ఒక్క కాల్బీ సెట్‌లోనే 1,472 కార్డులున్నాయి.

దానికి బదులు ఒక దారం పట్టుకోండి. నేను పట్టుకున్న దారం కింటెత్సు బఫలోస్. ఒసాకా జట్టే, 1950 నుంచి ఆడింది, 2004 సీజన్ అయ్యాక ఒరిక్స్‌లో కలిపేశారు. దేశ ఛాంపియన్‌ని తేల్చే జపాన్ సిరీస్ పోటీ ఒక్కసారి కూడా గెలవలేదు. ఆ జట్టు ఆడుతున్న రోజులకి కొత్త కార్డు ఇక పుట్టదు, కాబట్టి వెతకాల్సింది ఎంతో ముందే తెలుసు, పైగా ధరలు జెయింట్స్ కార్డుల్లా ఉండవు. 317 విజయాలు ఒకే జట్టుకి సాధించిన కేయిషి సుజుకి, అమెరికా వెళ్లకముందు హిదెయో నోమో, 2001లో 55 హోమ్ రన్లు కొట్టి సదహారు ఓ పేరిట ఉన్న రికార్డుని అందుకున్న టఫీ రోడ్స్. అదే ఏడాది సెప్టెంబర్ 26న ఒసాకా డోమ్‌లో హిరొతొషి కితగావా ప్రత్యామ్నాయ బ్యాటర్‌గా వచ్చి ఒక్క దెబ్బతో నాలుగు పరుగులు తెచ్చి లీగ్ గెలిపించాడు. కితగావా కార్డు ఏ షాపులోనైనా మామూలు కార్డుల డబ్బాలోనే ఉంటుంది, నాకు మాత్రం అది ఆల్బమ్ మొదటి పేజీ.

ఈ దారం ఉంటే మార్పిడి ఎలా మారుతుందో చెబుతాను. బీబీఎం, అంటే బేస్‌బాల్ మ్యాగజైన్ వాళ్ల కంపెనీ, 1991 నుంచి కార్డులు వేస్తోంది. 1993 సెట్‌లో 239వ నంబరు ఇచిరో తొలి బీబీఎం కార్డు. పాత కార్డుల కట్ట ఒకటి కొంటే నాకు అందులో రెండు వచ్చాయి. నగోయాలో ఒక పెద్దాయనకి ఆ సెట్ మొత్తం ఉంది, 239 ఒక్కటీ లేదు. డబ్బు పెట్టి కొనుక్కోగలడు, కానీ మార్పిడిలో వస్తేనే తీసుకుంటానని పట్టుబట్టి కూర్చున్నాడు. నా రెండోది ఆయనకి పంపాను. వారం తర్వాత బియ్యపు బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి వచ్చింది. లోపల కింటెత్సు కార్డులు, ఏడాదివారీగా, ఒక్కో ఏటికీ ఒక్కో తెల్ల కాగితం చుట్టి, మీద పెన్సిల్‌తో సంవత్సరం రాసి. మొత్తం నలభై మూడు. వాటిలో నాకు లేనివి ముప్పై ఎనిమిది. నా లిస్టు చూసి మరీ పంపాడు, మిగతా ఐదూ కొసరు. 2025లో ఇచిరో రెండు దేశాల హాల్ ఆఫ్ ఫేమ్‌లోకీ వెళ్లాక ఆ కార్డు ఇచ్చినందుకు బాధగా లేదా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. లేదండీ. ఆ డబ్బా నా టేబుల్ మీదే ఉంది.

విదేశాలతో మార్పిడి గురించి క్లుప్తంగా. అమెరికా వాళ్లకి కావలసినవి రెండు రకాలు. అక్కడికి వెళ్లిన జపాన్ ఆటగాళ్ల తొలి కార్డులు, అంటే ఓతాని నిప్పన్‌హామ్ జట్టుకి ఆడిన రోజులవి, యమమోతో ఒరిక్స్‌కి ఆడినప్పటివి, ఇవి అందరికీ తెలుసు, ఖరీదూ అలాగే ఉంటుంది. రెండోది చాలామంది పట్టించుకోరు: జపాన్‌లో ఆడిన అమెరికన్లు. 1985లో టైగర్స్‌ని గెలిపించిన రాండీ బాస్, 1987లో యాకుల్ట్‌కి ఆడిన బాబ్ హార్నర్, 1989లో టైగర్స్‌కి ఆడి మరుసటి ఏడాది డెట్రాయిట్‌లో 51 హోమ్ రన్లు కొట్టిన సెసిల్ ఫీల్డర్. బాస్‌ని ఒసాకాలో దేవుడిలా చూస్తారు కాబట్టి అక్కడ దొరకడం కష్టమే, మిగతావాళ్ల కార్డులు ఇక్కడ షాపుల్లో మామూలు ధరకే ఉంటాయి. ఒహైయోలో ఒకాయన హార్నర్ కార్డుకి నాకు ఇచిరో అమెరికాలో మెరీనర్స్ జట్టుకి ఆడినప్పటి కార్డులు పన్నెండు పంపాడు. విదేశానికి పంపేటప్పుడు కస్టమ్స్ చీటీలో "కాగితపు కార్డులు" అని నిజం రాయండి, ట్రాకింగ్ లేకుండా ఖరీదైనవి పంపొద్దు.

సంతకం చేసిన కార్డులు, గ్రేడింగ్ (కార్డు ఎంత బాగుందో కంపెనీతో మార్కులు వేయించడం), వీటి గురించి ఇప్పుడే ఆలోచించకండి. సంతకం గురించి ఎవరైనా ఎక్కువ ధర చెబితే మాత్రం "జికిహిత్సు" అనే మాట ఉందో లేదో అడగండి, చేత్తో పెట్టింది అని అర్థం. మీ స్టార్ కార్డుల మీద ఉన్నది అచ్చు.

మీవాడి లిస్టు రాయడం అయ్యాక నంబర్లు ఇక్కడే పెట్టండి. ఈ ఏడాది రెండో సిరీస్‌లో నా దగ్గర టైగర్స్ డబుల్స్ నాలుగు, కార్ప్ రెండు ఉన్నాయి. మా అమ్మాయికి జెయింట్స్‌లో ఇంకా రెండు ఖాళీలు, స్వాలోస్‌లో ఒకటి. ఈ వారాంతం వాన పడుతుందంటున్నారు, సోమవారం పోస్ట్ చేస్తాను.